ఊరికే ఇచ్చిన చొక్కా మన చేత ఎందుకు కొనిపిస్తుంది? ఆటల్లో ఉచిత స్కిన్ల (పాత్రలకు, ఆయుధాలకు వేసే అలంకారాల) గురించి

వేణుగానం:

సభ్యులందరికీ నమస్కారం. మా మేనల్లుడు గుంటూరులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వేసవి సెలవుల్లో ఫోన్‌లో ఒక బ్యాటిల్ రాయల్ ఆట (చివరిదాకా బతికినవాడు గెలిచే ఆట) మొదలుపెట్టాడు. దాని పేరు ఇక్కడ చెప్పను, ఎందుకంటే నా ప్రశ్న ఒక్క ఆటకు సంబంధించినది కాదు. వరుసగా ఏడు రోజులు ఆట తెరిచినందుకు వాడికి ఒక ఎర్ర జాకెట్ ఉచితంగా వచ్చింది. అది వేసుకుంటే గురి మెరుగుపడదు, దెబ్బ తక్కువ తగలదు, పరుగు వేగం పెరగదు. అయినా మూడు నెలలు తిరిగేసరికి వాడు యూపీఐ ద్వారా 3,240 రూపాయలు ఆ ఆటకు కట్టాడని మా బావగారు బ్యాంకు స్టేట్‌మెంటు చూసి కనిపెట్టారు. వాడిని కూర్చోబెట్టి అడిగితే వరుసగా చెప్పుకొచ్చాడు: ముందు జాకెట్ మీదికి నప్పే ప్యాంటు, తర్వాత హెల్మెట్, ఆ తర్వాత సంచి, చివరికి పారాచూట్.

ఎలుకలు గోచీ కొరికేస్తున్నాయని పిల్లిని పెంచి, పిల్లి పాల కోసం ఆవును తెచ్చి, ఆవు మేత కోసం పొలం కొని, పొలం చూసుకోవడానికి పెళ్ళి చేసుకున్న సన్యాసి కథ మనందరికీ తెలుసు. కౌపీన సంరక్షణార్థం అని మా తాతయ్య దీర్ఘం తీసేవారు. ఆ కథలో గోచీ సన్యాసి సొంతం. ఇక్కడ మాత్రం గోచీని కూడా కంపెనీయే ఇస్తోంది. అమ్ముకోగలిగిన వస్తువును ఊరికే ఎందుకు ఇస్తున్నారు? అది కేవలం ఎర అని సరిపెట్టుకోవాలా, లేక లోపల ఇంకేమైనా పని జరుగుతోందా? తెలిసినవారు వివరించగలరు.

పాతకాపు:

వేణుగానం గారూ, అమీర్‌పేట నెట్ సెంటర్లలో గంటకు 20 రూపాయలు పెట్టి ఆడిన తరం నాది కాబట్టి పాత సంగతి కొంత చెబుతాను.

2010 సెప్టెంబరులో వాల్వ్ సంస్థ టీమ్ ఫోర్ట్రెస్ 2 ఆటలో దుకాణం తెరిచింది. ఆట ఆడుతూ ఉంటే అప్పుడప్పుడు వస్తువులు ఉచితంగా రాలే పద్ధతి అంతకుముందే ఉంది. దుకాణంతో పాటు కొత్తగా రాలడం మొదలైనది, లోపల ఏం వస్తుందో తెలియని, తాళం వేసిన పెట్టె. పెట్టె ఉచితం, తాళంచెవి 2.49 డాలర్లు. మరుసటి ఏడాది జూన్‌లో ఆటనే ఉచితం చేశారు. 2013 ఆగస్టులో అదే పద్ధతి కౌంటర్ స్ట్రైక్‌కు వచ్చింది. తుపాకులకు రంగులు వేసే స్కిన్లు, వాటిని దాచిన కేసులు, కేసులకు తాళంచెవులు. అప్పుడూ తాళంచెవి ధర అదే 2.49 డాలర్లు.

ఉచిత బహుమతి ఖర్చును ఎలా పుట్టిస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే పచ్చి ఉదాహరణ నాకు కనబడలేదు. నేను అడగకుండానే నా అటకమీద ఒక పెట్టె పెట్టి వెళ్ళారు. దాన్ని పారేయాలంటే మనసు రాదు, తెరవాలంటే డబ్బు కావాలి. ఆ సంస్థ నడిపే మార్కెట్లో అమ్ముకోవచ్చు, నిజమే. కానీ మామూలు కేసుకు వచ్చేవి చిల్లర పైసలు, ఆ అమ్మకంలోనూ సంస్థకు సుమారు 15 శాతం వాటా పోతుంది.

2019లో ఫ్రాన్స్ ఆటగాళ్ల కోసం వాల్వ్ కౌంటర్ స్ట్రైక్‌లో ఒక ఎక్స్‌రే యంత్రాన్ని పెట్టింది. పెట్టెలో ఏముందో ముందే చూసి, ఇష్టమైతేనే కొనుక్కోవచ్చు. అయితే చూసినదాన్ని కొంటే తప్ప తర్వాతి పెట్టెను చూడనివ్వదు. మొట్టమొదటిసారి ఆ యంత్రంలో ఒక పీ250 తుపాకీ స్కిన్‌ను ముందుగానే పెట్టి ఉంచారు. దాన్ని ఎవరికీ అమ్ముకోవడానికి వీల్లేదు, తీసుకుంటే తప్ప యంత్రం ముందుకు కదలదు. మీ మేనల్లుడి జాకెట్, ఈ పీ250 ఒకే ఇంటి బిడ్డలు.

అంకెల అనసూయ:

నేను డిగ్రీ కళాశాలలో మార్కెటింగ్ బోధిస్తాను, ఆటలు ఆడను. అందువల్ల ఆటల పేర్లలో పొరపాటు చేస్తే పాతకాపు గారు సరిదిద్దాలి.

వేణుగానం గారి ప్రశ్నకు దగ్గరగా వచ్చే ప్రయోగం ఒకటి 2006లో జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్‌లో వచ్చింది. జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రెజ్ అనే పరిశోధకులు కార్లు కడిగే ఒక చోట ఖాతాదారులకు రెండు రకాల కార్డులు పంచారు. మొదటి రకంలో ఎనిమిది గళ్ళు, ఎనిమిది ముద్రలు పడితే ఒకసారి ఉచితంగా కడుగుతారు. రెండో రకంలో పది గళ్ళు ఉన్నాయి కాని, రెండింటికి ముందే ముద్రలు వేసి ఇచ్చారు. లెక్క ప్రకారం రెండింటికీ ఎనిమిదిసార్లే రావాలి. మొదటి కార్డు తీసుకున్నవారిలో 19 శాతం మంది, రెండోది తీసుకున్నవారిలో 34 శాతం మంది చివరిదాకా వెళ్ళారు. ఊరికే వేసిన ఆ రెండు ముద్రలు ఎవరికీ ఏమీ మిగల్చలేదు. అవి చేసిన పనల్లా మనిషిని బయట నిలబడినవాడి నుంచి సగం దారిలో ఉన్నవాడిగా మార్చడమే.

ఈ కోణం నుంచి చూస్తే జాకెట్‌ను ఎర అనడం సరిపోదనిపిస్తుంది. ఎర తిన్న చేప ఆకలితో తింటుంది. మీ మేనల్లుడికి జాకెట్ రాకముందు ప్యాంటు కావాలన్న ఆకలే లేదు. జాకెట్ వచ్చాకే వాడి దగ్గర ఒక సెట్ మొదలైంది, మొదలైంది కాబట్టే అది అసంపూర్తిగా ఉంది. దసరాకు బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు ఉండి సీతమ్మ విగ్రహం విరిగిపోతే ఆ ఇల్లాలు ఎన్ని దుకాణాలు తిరుగుతుందో నేను కళ్ళారా చూశాను. అసలు కొలువే పెట్టని ఇంటికి ఆ బాధ లేదు.

పాతకాపు:

అనసూయ గారూ, మీరు రెండు ముద్రలు అనగానే నాకు ఎపెక్స్ లెజెండ్స్ అనే ఆటలో 2019 ఆగస్టు నాటి ఐరన్ క్రౌన్ ఈవెంట్ గుర్తుకొచ్చింది. అందులో మొత్తం 24 వస్తువులు. ఆడి, సవాళ్ళు పూర్తిచేస్తే రెండు ప్యాకెట్లు ఉచితం. మిగిలినవి ఒక్కొక్కటి 700 నాణేలు, అంటే సుమారు ఏడు డాలర్లు. మొత్తం 24 పూర్తిచేసినవారికే ఒక గొడ్డలిని, అదీ మరో 3,500 నాణేలకు, కొనే అర్హత వచ్చేది. గొడవ పెద్దదయ్యాక సంస్థ కొన్నింటిని నేరుగా కొనుక్కునే ఏర్పాటు చేసింది. మీరు చెప్పిన కార్డులో పది గళ్ళకు రెండు ముద్రలు, ఇక్కడ ఇరవై నాలుగింటికి రెండు. ఆ కార్లు కడిగేవాళ్ళే కాస్త ఉదారంగా ఉన్నట్టున్నారు.

బందరు లడ్డు:

పెద్దలు కోప్పడకపోతే ఒక మాట. 2021 జులైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆట వచ్చిన రోజు నుంచి ఆడుతున్నాను. ఒక్క రూపాయి కూడా నా జేబులోంచి పెట్టలేదు. కూపన్ ముక్కలు పది పోగుచేస్తే ఒక క్లాసిక్ క్రేట్ కూపన్ (బహుమతి పెట్టె తెరిచే చీటీ) అవుతుంది, అలా ఓపికగా పోగుచేసి క్రేట్లు తెరిచాను. నా దగ్గర మంచి దుస్తులే ఉన్నాయి. ఉచితంగా ఇస్తే తీసుకుని సంతోషపడే ఆటగాళ్ళందరూ తెలివితక్కువవాళ్ళే అన్నట్టు ఈ చర్చ సాగడం నాకు నచ్చలేదు. పైగా ఈ వస్తువులు గెలుపోటముల మీద పనిచేయవు. డబ్బున్నవాడికి మంచి తుపాకీ అమ్మే ఆటలకంటే ఇది వెయ్యి రెట్లు నయం.

మేడమీద గది:

నేను హైదరాబాదులో మొబైల్ ఆటలు తయారుచేసే ఒక స్టూడియోలో ఆరేళ్ళు పనిచేశాను. ప్రస్తుతం వేరే రంగంలో ఉన్నాను. సంస్థ పేరు చెప్పను కాని, మేము చేసిన పని చెబుతాను.

బందరు లడ్డు గారూ, మీరు తెలివితక్కువవారని ఎవరూ అనుకోరు. మా లెక్కల్లో మీలాంటి ఆటగాడు అత్యంత విలువైనవాడు. బట్టల దుకాణంలో అద్దం ఎంత అవసరమో, ఈ వ్యాపారంలో డబ్బు పెట్టని ఆటగాడు అంత అవసరం. మూడు వేలు పోసి కొన్న దుస్తులను చూసేవాడు లేకపోతే వాటికి విలువ లేదు. లాబీ (ఆట మొదలయ్యేముందు అందరూ చేరే చోటు) నిండాలి, నిమిషంలోపే వంద మంది జమకూడాలి, ఓడిపోయినవాడికి తనను కొట్టినవాడి దుస్తులు కనబడాలి. మీరు రోజూ రావడానికి మేము ఇచ్చే కూలి ఆ కూపన్ ముక్కలు. ఈ మాట కటువుగా ఉంటే మన్నించండి.

వేణుగానం గారి జాకెట్ విషయానికి వస్తే, ఇలాంటి బహుమతి మీద మేము గంటల తరబడి సమావేశాలు పెట్టుకునేవాళ్ళం. జాకెట్ ఇవ్వాలి కాని ప్యాంటు ఇవ్వకూడదు. జాకెట్ బాగుండాలి కాని డబ్బు పెట్టి కొనే జాకెట్‌కంటే ఒక మెట్టు తక్కువగా, అదే నమూనాలో కాస్త వెలిసిన రంగులో ఉండాలి. ఆటగాడు దాన్ని అందుకున్న క్షణంలోనే ధరించే మీట కింద కనబడాలి, నొక్కగానే లాబీలో బొమ్మ ఒక చుట్టు తిరగాలి. అలా తిరుగుతున్నప్పుడు ఎర్ర జాకెట్ కింద మొదటి రోజు నాటి బూడిదరంగు నిక్కరు కనబడుతుంది. అంతకుముందు ఆ నిక్కరు ఎవరి కంటా పడలేదు. దాన్ని వికారంగా కనిపింపజేయడానికే జాకెట్ ఇచ్చాం అంటే అతిశయోక్తి కాదు.

ఇంకొక రకం కూడా ఉంది. మూడు రోజులకో, ఏడు రోజులకో గడువు తీరిపోయే దుస్తులు. మా బృందంలో ఒక తెలుగు అమ్మాయి దీనికి అరువు చీర అని పేరు పెట్టింది. మొదటి రోజు వేసుకున్నవాడికి అది కానుక. మూడో రోజు గడిచాక అది వాడి ఒంటి మీంచి తీసేసిన బట్ట. ఇవ్వకుండా ఉంటే లేని లోటు, ఇచ్చి వెనక్కి తీసుకోవడం వల్ల ఏర్పడుతుంది.

ఆదాయం మొత్తంకంటే మేము ఎక్కువగా పట్టించుకున్నది మొదటి కొనుగోలును. అది ఎంత చిన్నదైనా ఫరవాలేదు. ఒకసారి యూపీఐ పిన్ కొట్టినవాడికి రెండోసారి కొట్టడానికి ఆలోచన అక్కరలేదు.

అంకెల అనసూయ:

మేడమీద గది గారి వివరణకు కృతజ్ఞతలు. బ్యాటిల్ పాస్ లేదా రాయల్ పాస్ అనే పద్ధతి గురించి నా విద్యార్థులు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైనది రాస్తాను, తప్పైతే చెప్పండి.

సీజన్ (ఆటలో కొన్ని వారాలు సాగే ఒక విడత) మొదలైన రోజున ఆటగాడి ముందు రెండు వరుసల బహుమతులు కనబడతాయి. ఒక వరుస అందరికీ ఉచితం, రెండోది డబ్బు కట్టినవారికి. ఉచిత వరుసలో అక్కడక్కడ ఒక గడి నిండి ఉంటుంది. డబ్బు వరుసలో దాదాపు ప్రతి గడీ నిండుగా ఉండి, ప్రతిదాని మీద చిన్న తాళం బొమ్మ ఉంటుంది. ఆటగాడు ఆడి మెట్లు ఎక్కుతున్నకొద్దీ రెండు వరుసల్లోనూ ఒకేసారి ఎక్కుతాడు. సీజన్ ఆఖరి రోజున పాస్ కొన్నా, అప్పటిదాకా ఎక్కిన మెట్లన్నింటి బహుమతులూ ఒక్కసారిగా వచ్చి పడతాయి.

అంటే ఉచితంగా ఆడిన ప్రతి గంటా పాస్ విలువను పెంచుతూ పోతుంది. మొదటి రోజు అదే ధరకు ఆ పిల్లవాడికి దొరికేది ఒక ఆశ మాత్రమే. యాభయ్యో రోజున దొరికేది, తన చెమటతో సంపాదించి, తాళం వల్ల చేతికి అందకుండా ఉన్న నలభై వస్తువులు. ధర మారలేదు, వస్తువులు మారలేదు. వాడి శ్రమ మాత్రం కుప్పపడింది. కొనకపోతే ఏమవుతుంది? తాను ఎప్పుడూ కొననిదాన్ని పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది. లాభంకంటే అంతే మొత్తంలో నష్టం మనిషిని ఎక్కువగా బాధిస్తుందని కానెమన్, ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. అయితే ఆ సిద్ధాంతంలో పోయేది సాధారణంగా అప్పటికే మన చేతిలో ఉన్నది. ఇక్కడ అది మనదన్న భావాన్ని కూడా ఆటే తయారుచేసి పెడుతోంది. నా మట్టుకు నాకు ఈ ఏర్పాటులో అన్నింటికంటే తెలివైన భాగం, అన్నింటికంటే అభ్యంతరకరమైన భాగం కూడా ఇదే.

శారద, డల్లాస్:

మా అబ్బాయికి పదకొండేళ్ళు, ఇక్కడ పిల్లలందరూ ఫోర్ట్‌నైట్. ఆట ఉచితం, ఏమీ కొననివాడికి ఆటే ఒక మామూలు బొమ్మను కేటాయిస్తుంది. ఆ బొమ్మతో ఆడేవాడిని డిఫాల్ట్ అంటారు. అది బడిలో తిట్టుగా మారిందని ఇక్కడ తల్లులందరికీ తెలుసు. మా వాడు మొదటిసారి డబ్బు అడిగింది గెలవడానికి కాదు, డిఫాల్ట్ అనిపించుకోకుండా ఉండడానికి.

పాస్ ధర చాలాకాలం 950 వీ-బక్స్ (ఆ ఆటలో చెల్లే నాణేలు). పాస్ కొని చివరి మెట్టుదాకా ఎక్కితే 1,500 వీ-బక్స్ వెనక్కి వచ్చేవి, అంటే తర్వాతి పాస్ ఉచితమే కదా అని మా వాడి వాదన. నిజమే, డబ్బు లెక్కలో ఉచితమే. కాని వెనక్కి రావాలంటే ప్రతి సీజన్లోనూ వారాల తరబడి ఆడాలి. డబ్బు కట్టనివారి వరుసలోనూ కొన్ని వీ-బక్స్ పడేవి, అయితే ఒక సీజన్లో పాస్‌కు సరిపడా పడేవి కావు. చేతిలో కొంత ఉండేది, కొంత తక్కువయ్యేది. ఆ తక్కువైనదాన్ని పూరించమనే మా వాడు నా దగ్గరికి వచ్చాడు.

2022 డిసెంబరులో ఇక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ), ఈ ఆటను నడిపే ఎపిక్ గేమ్స్‌తో మొత్తం 520 మిలియన్ డాలర్ల ఒప్పందం ప్రకటించింది. అందులో 245 మిలియన్లు అనుకోకుండా కొనుగోళ్ళు జరిగేలా మీటలు అమర్చారన్న ఆరోపణకు సంబంధించి ఆటగాళ్ళకు తిరిగి ఇవ్వడానికి. చదివి సంతోషించాను కాని, మా ఇంట్లో పొరపాటున నొక్కిన మీట ఒక్కటీ లేదు. అన్నీ బాగా ఆలోచించి, నన్ను రెండు వారాలు బతిమాలి నొక్కించినవే.

బందరు లడ్డు:

మేడమీద గది గారు కూలి అన్నారు, సరే, ఆ మాట మింగాను. కాని కూలి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు కూడా ఉంటాడు కదా? నేను నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాను. రెండుసార్లు రాయల్ పాస్ తీసుకున్నాను, అదీ గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ సర్వేలకు వచ్చిన డబ్బుతో. అది నా డబ్బు కాదు.

పాతకాపు:

తమ్ముడూ, సర్వేలు నింపింది ఎవరు?

బందరు లడ్డు:

నేనే. ఎన్ని నెలలు నింపానో మాత్రం అడగకండి.

వకీలు వారు:

చట్టం విషయంలో సభ్యులకు ఉపయోగపడవచ్చని క్లుప్తంగా రాస్తున్నాను. మన దేశంలో 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రధానంగా డబ్బు పందెం కట్టి, డబ్బో దానికి సమానమైనదో గెలవాలనుకునే ఆటల మీద నిషేధం. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ గేమింగ్ చట్టాలకు చేసిన సవరణల చూపు కూడా పందెం మీదే. నగదుగా మార్చుకోలేని చొక్కా ఆ పరిధిలోకి వస్తుందని వాదించడం కష్టం. నాకు కాస్త ఆశ కలిగించేది 2023 నవంబరు 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కొనుగోలుదారును తప్పుదారి పట్టించే ఏర్పాట్ల) మార్గదర్శకాలు. అందులో పేర్కొన్న 13 పద్ధతుల్లో లేని తొందరను సృష్టించడం, అడిగిందే అడిగి విసిగించడం ఉన్నాయి. కాని గడువు తీరే దుస్తుల విషయంలో తొందర అబద్ధం కాదు. గడువు నిజంగానే తీరుతుంది. చిక్కు అక్కడే ఉంది.

జపాన్‌లో 2012లో వినియోగదారుల వ్యవహారాల సంస్థ కొంపు గాచా అనే పద్ధతిని చట్టవిరుద్ధమని తేల్చింది. లాటరీలో తీసిన వస్తువులను ఒక పూర్తి సెట్‌గా పోగుచేస్తే అరుదైన బహుమతి ఇవ్వడం ఆ పద్ధతి. అనసూయ గారి బొమ్మల కొలువు బాధను సూటిగా గుర్తించిన నియమం అదొక్కటే అని నా అభిప్రాయం. ఉచితంగా ఇచ్చే మొదటి వస్తువును మాత్రం అక్కడా ఎవరూ తప్పు పట్టలేదు. దానం చేయవద్దని ఏ చట్టం చెబుతుంది?

పాతకాపు:

దానం అనే మాట వచ్చింది కాబట్టి ఒక సంఘటన. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆటలో 2016 నుంచి బాగా ఆడినవారికి పెట్టెలు, తాళంచెవులు రెండూ ఉచితంగా దొరికేవి. 2025 ఆరంభంలో రయట్ సంస్థ ఆ పెట్టెలను తీసేసింది. ఆటగాళ్ళు ఎంత గట్టిగా నిరసన తెలిపారంటే, కొద్ది వారాల్లోనే తిరిగి తెస్తామని సంస్థ ప్రకటించవలసి వచ్చింది. ఓవర్‌వాచ్ అనే ఆట కథా అలాంటిదే. 2022 అక్టోబరులో రెండో భాగం వచ్చినప్పుడు ఉచిత లూట్ బాక్సులు (ఏం వస్తుందో తెలియని పెట్టెలు) తీసేసి పాస్ పెట్టారు, 2025 ఫిబ్రవరిలో ఆడి సంపాదించుకునే బాక్సులను మళ్ళీ తెచ్చారు. దానం ఆపితే దాతకు మిగులుబాటు కావాలి. ఇక్కడ ఆపిన దాతే పరుగెత్తుకొచ్చి మళ్ళీ ఇస్తున్నాడు.

మేడమీద గది:

ఒప్పుకుంటాను. అయితే పూర్తిగా ఒకవైపే చూడవద్దని మనవి. సర్వర్లకు, బొమ్మలు గీసేవారికి, నాలాంటివారి జీతాలకు ఎక్కడినుంచో డబ్బు రావాలి. 3,000 రూపాయలు పెట్టి ఆట కొనలేని పిల్లలు లక్షల మంది ఈ ఏర్పాటు వల్లనే ఆడగలుగుతున్నారు. నాకు తప్పు అనిపించేది ఉచితంగా ఇవ్వడం కాదు, ఇచ్చేదాన్ని కావాలని అసంపూర్తిగా ఇవ్వడం. జాకెట్‌తో పాటు ప్యాంటు కూడా ఇచ్చి, వేరే దుస్తులను రూపాయల్లో ధర వేసి అమ్మి ఉంటే నేను ఆ ఉద్యోగంలో ఇంకా ఉండేవాడినేమో. ఒకసారి సమావేశంలో ఆ మాట అన్నాను. ప్యాంటు ఇచ్చేస్తే ఇక ఏం మిగులుతుంది అని నవ్వారు.

వేణుగానం:

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆదివారం మా మేనల్లుడి పక్కన కూర్చుని వాడి ఇన్వెంటరీ మొత్తం లెక్కపెట్టాం. 71 వస్తువులు తేలాయి. అందులో డబ్బు పెట్టినవి 14, తక్కినవన్నీ ఉచితంగా వచ్చినవే. ప్రతి కొన్న వస్తువు ముందు వాడికి ఉచితంగా వచ్చినది ఏమిటో తేదీలతో చూసుకుంటే, పద్నాలుగింటిలో పదకొండు అలాంటి ఒక ఉచిత వస్తువుకు జతగా కొన్నవే. ఎర్ర జాకెట్‌ను వాడు జులై తర్వాత ఒక్కసారి కూడా వేసుకోలేదు. మరి దానికోసం కొన్న ప్యాంటు ఏమైందని అడిగితే, అది వేరే చొక్కా మీదికి బాగుందని, ఆ చొక్కా దీపావళి ఈవెంటులో ఊరికే వచ్చిందని చెప్పాడు.

ఈ సీజన్లో వాడు ప్రస్తుతం 43వ మెట్టు మీద ఉన్నాడు, పాస్ ఇంకా కొనలేదు. ముగియడానికి పదకొండు రోజులు ఉన్నాయట. కొనవద్దని నేను చెప్పలేదు. ఆఖరి రోజు సాయంత్రం ఒకసారి ఫోన్ చెయ్యమని మాత్రం అడిగాను. చేస్తానన్నాడు, మామయ్యా రాత్రి 7 తర్వాత అయితే టైమర్ తెర మీదే కనబడుతుంది, అప్పుడు మాట్లాడలేను, ముందే చేస్తాను అన్నాడు.